కళ్ళకలక రోజుల్లో ఒక శుక్రవారం తలంటు

మొన్న ఇంటికి రంగులు వేయించడానికి అటక మీది సామాను దింపిస్తుంటే, మా నాన్న ట్రంకు పెట్టె అడుగున, పాత మునిసిపాలిటీ కాగితాల కింద ఒక నల్ల కళ్ళజోడు దొరికింది. ప్లాస్టిక్ ఫ్రేము, ఒక పుల్లకి తీగ చుట్టి ఉంది. అలాంటివి అప్పట్లో పూర్ణా మార్కెట్ దగ్గర నేల మీద గోనెపట్టా పరిచి కుప్పలు పోసి అమ్మేవారు. మా తమ్ముడు దాన్ని అటూ ఇటూ తిప్పి చూసి, "ఇది నాన్నది కాదులే అక్కా, ఎవరో ఇచ్చుంటారు" అన్నాడు. వాడు అలా అనుకోవడంలో తప్పులేదు. మా నాన్న నడినెత్తిన ఎండ కాస్తున్నా చలవ కళ్ళద్దాలు పెట్టిన మనిషి కాదు. పైగా నల్ల కళ్ళజోడు పెట్టుకున్న వాళ్ళని రోడ్డు మీద ఆపి మరీ పాఠం చెప్పిన మనిషి. కానీ ఆ కళ్ళజోడు నాన్నదే. ఆయన దాన్ని ఎందుకు కొన్నాడో ఈ భూమ్మీద ఇప్పుడు నాకొక్కదానికే తెలుసు. అప్పటికి తమ్ముడు మరీ చిన్నవాడు.

నాన్న మునిసిపాలిటీ హెల్త్ ఆఫీసులో శానిటరీ ఇన్‌స్పెక్టరు. వన్ టౌన్‌లో పోర్టుకి కూతవేటు దూరంలో మా అద్దె ఇల్లు. ఓడల్లోకి ఎత్తే ఇనప ఖనిజం దుమ్ము గాలి వాలు చూసుకుని మా వీధి మీద పడేది. ఆరేసిన తెల్ల బట్ట సాయంత్రానికి లేత ఇటుక రంగుకి తిరిగేది. ఎలమంచిలి దగ్గర పల్లెటూరి నుంచి కొడుకు ఉద్యోగంతో పాటు పట్నం వచ్చిన మా నాయనమ్మ, రోజుకి మూడుసార్లు అరుగు తుడిచి ఆ దుమ్ముని చేటలోకి ఎత్తి, "ఇదేటి ఊరో బాబూ, మన్ను కూడా అమ్ముకుంటన్నారు" అని వీధి కుళాయి దగ్గరికి వెళ్ళి అందరికీ చెప్పేది. నాన్న సాయంత్రం ఇంటికి వస్తే ముందు సైకిల్ చప్పుడు, దాని వెనకే బ్లీచింగ్ పౌడర్ వాసన వచ్చేవి. ఆ వాసన నాకు ఎంత ఇష్టమో. ఆయన దొడ్లో మోచేతుల దాకా ఎర్ర సబ్బు రుద్దుకుని గాని మమ్మల్ని ముట్టుకునేవాడు కాదు. వెనక వరండా గోడకి ఇంట్లో ఎందరున్నామో అన్ని మేకులుండేవి. ప్రతి మేకుకీ ఒక తువ్వాలు, ప్రతి తువ్వాలు మూలనా ఒక రంగు దారం. నాది నీలం. పొరపాటున ఎవరైనా ఇంకొకరి తువ్వాలుతో మొహం తుడుచుకుంటే ఆ పూట నాన్న అన్నం మానేసినంత పని చేసేవాడు. చుట్టాలొస్తే నాకు సిగ్గుతో తల కొట్టేసినట్టయ్యేది. పెద్దమ్మ ఒకసారి, "మరిదిగారూ, మంచినీళ్ళకి కూడా దారం కట్టినారేటి?" అని అడిగేసింది.

అలాంటి మనిషి ఉన్న ఊరికి కళ్ళకలకలు వచ్చాయి. ఏ దేశంలో పుట్టిందో, ఏ ఓడ ఎక్కి వచ్చిందో గాని పది రోజుల్లో ఊరంతా ఎర్ర కళ్ళే. దేశమంతా ఇలాగే ఉందని రేడియోలో చెప్పేవారు. రోగి కళ్ళలోకి చూస్తే చాలు అంటుకుంటుందని జనం నమ్మకం. అందుకని ఉన్నవాళ్ళూ లేనివాళ్ళూ అందరూ నల్ల కళ్ళజోళ్ళు పెట్టేశారు. రిక్షావాళ్ళు, పోర్టు కళాసీలు, చేపల బుట్ట నెత్తిన పెట్టుకున్న ఆడవాళ్ళు, ఆఖరికి గుళ్ళో పూజారిగారు కూడా. నాన్నకి తల ప్రాణం తోకకి వచ్చింది. ప్రతి కూడలిలో సైకిల్ ఆపి, "చూస్తే అంటుకోదు బాబూ! చేతుల్తో అంటుకుంటాది. ఒకల రుమాలు ఇంకొకలు వాడితే అంటుకుంటాది. ఆ కళ్ళజోడు తీసెయ్, చేతులు కడుక్కో" అని చెప్పేవాడు. జనం బుద్ధిగా తలలూపేవారు, కళ్ళజోళ్ళు మాత్రం తీసేవారు కాదు. ఇంట్లో నాయనమ్మతో ఇంకో యుద్ధం. ఆవిడ పెరట్లోని నందివర్ధనం పూలు తడిపి కళ్ళ మీద పెడితే ఏ కలకైనా పోతుందంటుంది, ఈయన వద్దంటాడు. తల్లీకొడుకులు మాటామాటా అనుకుంటుంటే మా అమ్మ వంటింట్లో నవ్వు ఆపుకోలేక కొంగు నోట్లో కుక్కుకునేది.

స్కూళ్ళకి వారం రోజులు సెలవులిచ్చారు. అందరూ సంబరపడుతుంటే మా ఖోఖో జట్టు పన్నెండుమందికీ ఏడుపొక్కటే తక్కువ. ఆ వారంలోనే స్కూళ్ళ పోటీల ఫైనల్. అంతకుముందు రెండేళ్ళూ మమ్మల్ని భీమిలి నుంచి వచ్చే బడి పిల్లలు ఓడించారు, రెండోసారైతే ఒకే ఒక్క పాయింటుతో. మాకది పదో తరగతి, ఆఖరి ఏడు. మా కెప్టెన్ నూకరత్నం పోర్టు కళాసీ కూతురు, కోపం ముక్కు మీదుండేది. "ఈయేడు గెలవకపోతే నాను జడ కత్తిరించీసుకుంటాను" అని జట్టందరి ముందూ ఒట్టేసింది. దాని జడ మోకాళ్ళ దాకా ఉండేది. నా సంగతి వేరు. నాకు చదువులో పెద్ద పేరు లేదు, పాటలో లేదు. స్తంభం దగ్గర ఒంటి చేత్తో స్తంభం పట్టుకుని ఒళ్ళంతా గాల్లోకి చాచి, పారిపోయే పిల్ల మడమని తాకడం ఒక్కటే నాకు వచ్చిన విద్య. ఆ ఒక్క క్షణంలో నేనెవరికీ తీసిపోను అనిపించేది. ఆ క్షణం నాకు ఇంకొక్కసారి కావాలి.

సెలవుల్లో నాన్నకి మధ్యాహ్నం క్యారేజీ నేనే పట్టుకెళ్ళేదాన్ని. ఆ రోజు వెళ్ళేసరికి హెల్తాఫీసరుగారి గదిలో మీటింగ్. సగం తలుపులవడం వల్ల బయట బల్ల మీద కూర్చుంటే మాటలన్నీ వినపడుతున్నాయి. హెల్తాఫీసరు డాక్టరుగారిది కృష్ణా జిల్లా. భారీ మనిషి, గొంతు ఇంకా భారీ. ఆటలు జరపాలా మానాలా చెప్పమని విద్యాశాఖ వాళ్ళు ఒక పెద్దాయన్ని పంపారు.

"స్కూళ్ళు మూసి ఆటలు పెడితే జనం మొహాన ఉమ్మేస్తారండీ. రద్దు చేసి పారేద్దాం" అన్నారు డాక్టరుగారు. నా చేతిలో క్యారేజీ చల్లబడిపోయినట్టయింది. అప్పుడు నాన్న గొంతు వినిపించింది. "క్లాసులో ఒక బెంచీ మీద అయిదుగురు కూచోడం కంటే ఎండలో, సముద్రపు గాలిలో ఆడుకోడం నయమేనండి. కబడ్డీ వద్దు. ఒకల మీద ఒకలు పడతారు. ఖోఖోలో చెయ్యి వీపుకే తగుల్తాది."

"ఖోఖోయా? అదెట్టా ఆడతారయ్యా? నేనెప్పుడూ చూళ్ళేదు" అన్నారు డాక్టరుగారు.

ఆ తరవాత జరిగింది నేను చచ్చేదాకా మరిచిపోను. నాన్న గదిలోంచి బయటికి వచ్చి, గుమాస్తాలు ముగ్గుర్నీ, ప్యూనునీ, టీకాలేసే కాంపౌండరునీ పిలిచి వరండాలో వరసగా గొంతుకూర్చోబెట్టాడు, ఒకరు ఇటు, ఒకరు అటు. ప్యాంటు మడమల పైకి మడిచి వాళ్ళ చుట్టూ పరిగెత్తి, హెడ్ గుమాస్తా వీపు మీద చరిచి "ఖో!" అని అరిచాడు. గట్టిగా మాట్లాడ్డమే ఎరగని నాన్న! హెడ్ గుమాస్తా లేవబోయి మోకాలు పట్టేసి అక్కడే కూలబడ్డాడు. డాక్టరుగారు పొట్ట పట్టుకుని నవ్వారు. నవ్వి, కళ్ళు తుడుచుకోబోయి, నాన్న చూపు చూసి చెయ్యి వెనక్కి తీసుకున్నారు. "సరేనయ్యా ఇన్‌స్పెక్టరూ. పూచీ ఎవరిది?" అన్నారు. "నాదేనండి" అన్నాడు నాన్న. అక్కడే నిలబడి షరతులు రాశాడు. చూడ్డానికి జనం రాకూడదు. ఎవరి గ్లాసు వాళ్ళదే, ఎవరి తువ్వాలు వాళ్ళదే. పొద్దున్నే గేటు దగ్గర ప్రతి పిల్ల కళ్ళూ చూడాలి. ఒక్క ఎర్ర కన్ను కనిపించినా ఆ జట్టు మొత్తం ఇంటికే. ఆఖరి షరతు ఎవరూ అడక్కుండా నాన్నే పెట్టాడు. అదే కదా మా మెడకి చుట్టుకుంది.

ఫైనల్ శుక్రవారం పడింది. ముందురోజు సాయంత్రం నాయనమ్మ కుళాయి దగ్గర ఊరుకుందా? "శుక్రవారం, పోటీకెల్తన్న గుంటలు. తలంటు లేకండా జిడ్డు మొకాల్తో ఎల్తారేటి? లచ్చిందేవి నవ్విపోద్ది" అంది. ఆ కుళాయి దగ్గరే నూకరత్నం వాళ్ళమ్మ నీళ్ళు పడుతోంది. ఆవిడ చేపల మార్కెట్‌లో చెప్పింది. తెల్లవారేసరికి జట్టులో పన్నెండు ఇళ్ళలోనూ కుంకుడుకాయలు నలగ్గొట్టారు. వేడినీళ్ళలో నానిన ఆ పులుపు వాసన, నువ్వులనూనె జిడ్డు, నాయనమ్మ మోకాళ్ళ మధ్య నా తల, "కళ్ళు మూసుకోయే" అంటూనే సరిగ్గా కళ్ళలోకి పోసే ఆవిడ నైపుణ్యం ఇప్పుడు ఏ షాంపూ బుడ్డిలో దొరుకుతాయి? నాన్న అప్పటికే గ్రౌండ్‌కి వెళ్ళిపోయాడు.

ఇక్కడ నేనొక సంగతి ఒప్పుకోవాలి. ఆ రోజు లేచేసరికే నా కుడికన్ను రెప్పలు అతుక్కుపోయి ఉన్నాయి. లోపల ఇసక పడ్డట్టుంది. అదేమిటో నాకు తెలుసు, శానిటరీ ఇన్‌స్పెక్టరు కూతుర్ని. తడి వేలితో విడదీసుకుని కిమ్మనకుండా తలంటుకి కూర్చున్నాను. తరవాత అద్దంలో చూసుకుంటే రెండు కళ్ళూ ఎర్రగా ఒక్కలాగే ఉన్నాయి. నా గుట్టు కుంకుడు రసంలో కలిసిపోయిందని లోలోపల సంతోషించాను. గేటు దగ్గర అందరి కళ్ళూ చూస్తారన్న మాట ఆ నిమిషంలో తట్టనే లేదు.

మేం గ్రౌండ్‌కి వెళ్ళేసరికి భీమిలి వాళ్ళు వరసలో నిలబడి కళ్ళు చూపించుకుంటున్నారు. తెల్లారి మొదటి బస్సు అందుకోవాలని వాళ్ళు తలంట్లు పెట్టుకోలేదు. అందరి కళ్ళూ మల్లెపూల్లా ఉన్నాయి. తరవాత మా వంతు. డాక్టరుగారు నూకరత్నం కింది రెప్ప లాగి చూసి అదిరిపడ్డారు. రెండో పిల్లని చూశారు, మూడో పిల్లని చూశారు. "ఇదేందయ్యా, ఒకటి కాదు, పన్నెండు జతలు!" అని కేకేశారు. మా డ్రిల్లు టీచరుగారు ఈల నోట్లో ఉండగానే ఏడ్చారు, ఈల దానంతటదే కూసింది. నాన్న మొహం పాలిపోయింది. పూచీ ఆయనది, కూతురు వరసలో ఉంది. ఏం మాట్లాడినా కూతురి కోసమే అంటారు. 

"కలక కాదు బాబూ, కుంకుడు! తలంటోసుకున్నాం. కావాలంటే వాసన సూసుకోండి" అంటూ నూకరత్నం తన జడ తీసి డాక్టరుగారి ముక్కు దగ్గర పెట్టింది. ఆయన వాసన చూశారు. చూసి ఇంకా చిక్కులో పడ్డారు. కుంకుడే కావచ్చు, దాని చాటున కలక కూడా ఉండొచ్చు. భీమిలి టీచరుగారు రూలు రూలే కదండీ అన్నారు. ఆవిడ మాట పూర్తికాకుండానే వాళ్ళ కెప్టెన్ అడ్డం వచ్చి, "ఆళ్ళతో ఆడకండా గెలిసి ఏటి సేసుకుంటాం టీచర్? మేం తెల్లారగట్ల లెగిసింది బస్సు సూడ్డానికేటి?" అంది. ఆ పిల్ల పేరు కూడా నాకు తెలీదు. ఎక్కడున్నా చల్లగా ఉండాలి.

"రెండు గంటలు ఆగుదామండి. కుంకుడైతే తగ్గుతుంది, కలకైతే పెరుగుతుంది" అన్నాడు నాన్న చివరికి. డాక్టరుగారు సరేనన్నారు. మమ్మల్ని గోడ నీడన చేతులు ఒళ్ళో పెట్టించి, మధ్య బారెడు దూరంతో వరసగా కూర్చోబెట్టారు. ఇంతలో కబురు తెలిసి నాయనమ్మ రిక్షా దిగింది. "ఎవుడా డాకటరు? నా సేత్తో కొట్టిన కుంకుడుకాయలు బాబూ అవి! నీ కంట్లో రెండు సుక్కలు పోసి సూపిత్తాను, రా" అని చెంబుతో సహా ఆయన మీదికి వెళ్ళింది. డాక్టరుగారు రెండడుగులు వెనక్కి వేసి, "అమ్మా, నమ్ముతున్నాను. మా అమ్మ కూడా కళ్ళలోనే పోసేది" అని దణ్ణం పెట్టారు.

రెండు గంటలయ్యాక ఒక్కొక్కరినీ చూస్తూ వచ్చారు. నూకరత్నం కళ్ళు తేటపడ్డాయి. పక్కపిల్లవీ తేటపడ్డాయి. పదకొండుమందివీ తేటపడ్డాయి. నేను వరస చివర, మిగతావాళ్ళ కంటే ఇంకో బారెడు ఎడంగా కూర్చున్నాను. నాన్నే వచ్చి నా ఎదురుగా గొంతుకూర్చున్నాడు. నా ఎడమకన్ను తెల్లబడింది. కుడికన్ను చింతనిప్పులా ఉంది.

"ఎడంగా ఎందుకు కూచున్నావే అమ్మడూ?" అన్నాడు మెల్లిగా.

"పొద్దున్నే తెలుసు నాన్నా" అన్నాను. "దాచీసేను. కానీ ఇక్కడికొచ్చాక ఎవుర్నీ ముట్టుకోలేదు. నూకరత్నం చెయ్యి పట్టుకుందామన్నా పట్టుకోనివ్వలేదు. ఒట్టు."

 అప్పుడే వచ్చిన ఎరుపని నాన్న చెప్పేస్తే నా తప్పు అక్కడితో సమసిపోయేది. ఆయన లేచి డాక్టరుగారి దగ్గరికి వెళ్ళి, "మా అమ్మాయికి ఉందండి. పొద్దున్నే తెలిసి చెప్పలేదు. రూలు నేను రాసిందే. జట్టుని పంపేయమంటే పంపేస్తాను" అన్నాడు. నేను చచ్చినంత పనైంది. నా వెనక పదకొండుమంది ఊపిరి బిగబట్టడం వినపడింది. డాక్టరుగారు నా వంక, నాకూ జట్టుకీ మధ్య ఉన్న ఆ ఖాళీ జాగా వంక చాలాసేపు చూశారు. "రూలు ఎందుకు రాశావయ్యా? అంటుకోకుండా ఉండాలని. ఈ పిల్ల అంటుకోనివ్వలేదు. తీసుకెళ్ళి జీపులో కూర్చోబెట్టు. మిగతావాళ్ళు ఆడతారు" అన్నారు. భీమిలి టీచరుగారు కూడా తలూపారు.

మునిసిపాలిటీ జీపు గ్రౌండ్ చివర ఉంది. నాన్న నన్ను వెనక సీటులో కూర్చోబెట్టాడు. అప్పటిదాకా ఆపుకున్నదంతా ఒక్కసారి కట్ట తెగి వచ్చింది. వెక్కి వెక్కి ఏడ్చాను. రెండేళ్ళ ఓటమి, ఆఖరి ఏడు, దాచిన తప్పు, అన్నీ కలిసి కారాయి. నాన్న తిట్టలేదు. "ఏడవకే, ఏడిస్తే ఇంకా మండుతాది" అంటూ కళ్ళు రెండూ తుడిచాడు. తుడిచి, "ఎడంగా కూచున్నావు సూడు, అది సాలే నాకు" అన్నాడు. ఇంట్లో మాట్లాడే మాటల్లో, ఎవరూ లేనప్పుడు మాత్రమే వచ్చే యాసలో అన్నాడు.

నా చోట్లో పైడితల్లి దిగింది. అది మా జట్టులో ఎప్పుడూ నీళ్ళ బిందె దగ్గరే ఉండే పిల్ల, ఈల వింటేనే ఉలిక్కిపడేది. ఆట ఆఖరి నిమిషానికి లెక్క సమానంగా ఉంది. భీమిలి కెప్టెనే మిగిలింది, చేపపిల్లలా జారిపోతోంది. "లగెత్తు! లగెత్తవే పైడీ!" అని జీపు పైకప్పు గుద్దుతూ నేను అరుస్తున్నాను. జనం రాకూడదన్న షరతు తనకి వర్తించదన్నట్టు నాయనమ్మ చెంబు ఊపుతోంది. జీపు పక్కన నిలబడ్డ నాన్న, పూచీ మాట మరిచిపోయి, "స్తంభం! స్తంభం పట్టుకో!" అని గొంతు చించుకుంటున్నాడు. నూకరత్నం వచ్చి పైడితల్లి వీపు మీద చరిచి "ఖో" అంది. పైడితల్లి లేచింది, స్తంభం పట్టుకుంది, కళ్ళు మూసుకుంది, గాల్లోకి చాచింది. దాని వేలి కొస భీమిలి కెప్టెన్ జడ చివరి రిబ్బన్‌ని తాకింది. ఈల పడింది.

నా ఆట నేను ఆడలేదు. అయినా అంత సంతోషం మళ్ళీ నాకు నా పెళ్ళిలో కూడా కలగలేదని మా ఆయన ఎదుటే చాలాసార్లు చెప్పాను. జట్టంతా పరిగెత్తుకొచ్చి జీపుకి పది అడుగుల దూరంలో టక్కున ఆగిపోయింది. ముట్టుకోకూడదు కదా. అందుకని వరసగా గొంతుకూర్చుని, పదకొండుమందీ ఒకేసారి నా వైపు చెయ్యి చాపి "ఖో!" అని అరిచారు. నాన్న పక్కకి తిరిగి మొహం తుడుచుకున్నాడు. చెమటేమో అనుకున్నాను.

మొన్నటి కరోనాలో మా మనవరాలి బడి పరుగు పందాలు రద్దయ్యాయి. ఫోనులో రెండు వాక్యాల మెసేజ్ వచ్చింది, అంతే. వాళ్ళు చేసింది తప్పని నేననను. ఆ రోగం కళ్ళకలక కాదు, ప్రాణాలు తీసింది. కానీ పిల్ల కొత్త బూట్లు వేసుకుని హాల్లో అటూ ఇటూ పరిగెడుతుంటే, దీని కోసం ఏ ఆఫీసు వరండాలోనైనా ఒక్క గుమాస్తా గొంతుకూర్చున్నాడా అని అడగాలనిపించింది. మాకు వద్దని చెప్పినా, సరేనని చెప్పినా, చెప్పేవాళ్ళు మా ఎదురుగా కూర్చుని మా రెప్ప లాగి చూశారు. అదొక్కటే తేడా, అది చిన్న తేడా కాదు.

ఇక కళ్ళజోడు సంగతి. ఆదివారం పొద్దున్న నాన్న నిద్ర లేచేసరికి రెండు కళ్ళూ అతుక్కుపోయి ఉన్నాయి. నాయనమ్మ నోరెత్తకుండా నందివర్ధనం పూలు తడిపి తెచ్చి పెట్టింది. ఆయన కూడా నోరెత్తకుండా పెట్టించుకుని సాయంత్రం దాకా పడుకున్నాడు. సోమవారం ఆఫీసుకి వెళ్తూ దారిలో పూర్ణా మార్కెట్ దగ్గర, వారం కిందట తను పాఠం చెప్పిన, కళ్ళజోళ్ళు అమ్మే కుర్రాడి దగ్గరే, ఈ నల్ల కళ్ళజోడు కొన్నాడు. డాక్టరుగారు దాన్ని చూడగానే తీయించి, కళ్ళు చూసి, ఇంటికి పొమ్మని సెలవు రాసిచ్చారు. రాస్తూ, "ఊరందరికీ చెప్పేవాడివి, ఎవరి రుమాలు వాడావయ్యా?" అని అడిగారట.

"నాదేనండి" అన్నాడట నాన్న. అందులో అబద్ధం లేదు. జీపులో నా కళ్ళు తుడిచిందీ, ఆట అయ్యాక పక్కకి తిరిగి తన కళ్ళు తుడుచుకుందీ ఆ రుమాలుతోనే.